పుండులో పురుగు, ముక్కులో పురుగు: పశువులున్నవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలో పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్, రాయగడ వైపు తెలుగు ఇళ్ళలోనూ, సరిహద్దుకు ఇవతల ఆంధ్రాలో పాతపట్నం, మెళియాపుట్టి, భామిని, కొమరాడ వైపు ఊళ్ళలోనూ వానలు మొదలయ్యాక పశువుల గురించి వినబడే మాట ఒకటుంది: పుండుకు పురుగు పట్టింది, ఏం పోయమంటారు? ఏం పొయ్యాలో కింద రాశాను. దానికన్నా ముందు ఆ పురుగుకు తల్లయిన ఈగ బతుకు ఎన్ని రోజుల లెక్కో రాశాను. ఆ లెక్క తెలిసినవాళ్ళు పురుగు పడకముందే పని ముగించగలరు. తెలియక దూడలను పోగొట్టుకుంటున్న ఇళ్ళు ఇంకా చాలా ఉన్నాయి.

పుండు కుళ్ళితే పురుగు దానంతటదే పుడుతుందా?

పుట్టదు. ఈగ వాలి గుడ్లు పెడితేనే పురుగు. ఇటలీలో ఫ్రాన్సెస్కో రెడి అనే వైద్యుడు 1668లోనే ఇది తేల్చాడు. మూత లేని మాంసంలో పురుగులు వచ్చాయి, సన్నని గుడ్డ కట్టిన మాంసంలో రాలేదు. పశువు పుండు విషయంలోనూ అంతే. ఈగ వాలనివ్వకపోతే పుండు చీము పట్టవచ్చు, వాసన రావచ్చు, పురుగు మాత్రం పడదు. "మా ఎద్దు రక్తం చెడింది, అందుకే పురుగు పడింది" అనుకునే పెద్దలున్నారు. రక్తం తప్పేమీ లేదు, పశువు తప్పూ లేదు.

ఏ ఈగ? ఇంట్లో తిరిగేదేనా?

కాదు. మన ప్రాంతంలో బతికున్న మాంసాన్ని తినే పురుగు ముఖ్యంగా క్రైసోమియా బెజియానా అనే ఈగది. ఇంటి ఈగ కన్నా పెద్దది. ఒళ్ళు నీలం, ఆకుపచ్చ కలిసిన మెరుపు, ముఖం నారింజ పసుపు. ఆఫ్రికా నుంచి భారతదేశం మీదుగా ఆగ్నేయాసియా దాకా ఉంది. దీని పురుగు ఒంటినిండా ముళ్ళ వరసలు మరమేకు చుట్లలా కనబడతాయి. అందుకే ఇంగ్లీషులో స్క్రూవార్మ్ అన్నారు.

చేపల దగ్గర, కబేళా దగ్గర, మలం మీద మూగే ఈగలు వేరే ఉన్నాయి. లూసీలియా, సార్కోఫాగా, పెద్ద ఎర్ర కళ్ళుండే క్రైసోమియా మెగసెఫాలా ఆ కోవవి. ఇవి చచ్చిన జంతువుల్లోనూ కుళ్ళులోనూ బతుకుతాయి. పశువు పుండు బాగా కుళ్ళితే అక్కడికీ వస్తాయి. బెజియానా అలా కాదు. దాని పిల్లకు బతికున్న జంతువు మాంసమే కావాలి, కళేబరంలో అది పెరగదు. నిన్న తగిలిన చిన్న గీతకు, వాసన కూడా లేని తాజా గాయానికి పురుగు పట్టడానికి కారణం అదే.

గుడ్డు నుంచి ఈగ దాకా ఎన్ని రోజులు?

ఈ జవాబును నెమ్మదిగా చదవండి. మిగతా జవాబులన్నీ దీనిమీదే నిలబడ్డాయి.

ఆడ ఈగ సాధారణంగా సాయంత్రం పూట పుండు అంచున వాలి, నూట యాభై నుంచి రెండు వందల దాకా గుడ్లు ఒక్కచోటే అతికిస్తుంది. తెల్లగా, ఒకదాన్ని ఒకటి ఒరుసుకుని, పుండు గట్టు మీద పొరలా కనబడతాయి. మన వేడికి ఒక రోజు తిరక్కుండానే పొదుగుతాయి. అంటే సాయంత్రం పెట్టినవి మర్నాడు మధ్యాహ్నానికి పురుగులు. ఆ పిల్ల పురుగులు వెంటనే తల కిందికి పెట్టి మాంసంలోకి దూరిపోతాయి. ఐదు నుంచి ఏడు రోజులు తింటాయి. ముదిరిన పురుగు ఒకటిన్నర సెంటీమీటరు దాటవచ్చు. అప్పుడు తినడం మాని, ఎక్కువగా రాత్రి వేళో తెల్లవారుజామునో పుండులోంచి తనంతట తాను కింద పడి మట్టిలోకి దూరుతుంది. అక్కడ పైతోలు గట్టిపడి గోధుమరంగు గుల్ల అవుతుంది. వేడిగా ఉంటే ఆ గుల్లలో వారం, తొమ్మిది రోజులు ఉంటుంది. చలికాలంలో, ముఖ్యంగా కొరాపుట్ కొండల చలిలో, ఇంకా చాలా రోజులు పడుతుంది. గుల్ల పగిలి ఈగ బయటికొచ్చి, జత కట్టి, మరో వారంలో కొత్త పుండు వెతుక్కుంటుంది.

మొత్తం కలిపితే ఎండాకాలం, వానాకాలం మూడు వారాలు. ఈ మూడు వారాల్లో ఈగ మన చేతికి సులువుగా దొరికేది గుడ్డు ఉన్న ఆ ఒక్క పూటే. గుడ్ల పొర కనబడితే మొద్దు కత్తితోనో, చెంచా అంచుతోనో గీకేసి నిప్పుల్లో వెయ్యండి. రెండు వందల పురుగులు పుట్టకముందే పోతాయి, ఏ మందూ అక్కర్లేదు. పుండున్న పశువును పొద్దుగూకే ముందు ఒకసారి, పొద్దున్నే ఒకసారి చూడమని చెప్పేది ఇందుకే.

నిన్న అన్నీ తీసేశాం. ఇవాళ మళ్ళీ ఉన్నాయి. ఎలా?

రెండు కారణాలు. మొదటిది, లోపలి పురుగులన్నీ నిన్న బయటికి రాలేదు. రెండోది, పురుగు పడ్డ పుండుకు ఒక ప్రత్యేకమైన వాసన ఉంటుంది, ఆ వాసనకు మరిన్ని ఆడ ఈగలు వస్తాయి. అలా ఒకే పుండులో నిన్నటి పిల్లలు, నాలుగు రోజుల పురుగులు, ముదిరినవి కలిసి ఉంటాయి. ఒకసారి శుభ్రం చేస్తే అయిపోయిందనుకోవద్దు. కనీసం వారం పాటు రోజూ చూడాల్సిందే.

పైకి రూపాయి బిళ్ళంత రంధ్రం. లోపల చెయ్యి దూరేంత గుల్ల. ఇదెలా జరుగుతుంది?

ఈ పురుగు ఊపిరి తీసుకునే రంధ్రాలు దాని వెనక కొసన ఉంటాయి. అందుకని తల లోపలికి, తోక బయటికి పెట్టి, గుంపుగా నిలువునా పాతుకుని తింటుంది. నోటి కొక్కేలతో మాంసాన్ని చీలుస్తుంది, కరిగించే రసాలు వదులుతుంది, కరిగినదాన్ని తాగుతుంది. చర్మం గట్టిది కనక రంధ్రం అంతగా పెరగదు, మెత్తని కండ కరిగిపోతూ ఉంటుంది. రక్తం కలిసిన పల్చటి నీరు కారుతుంది, వెంట్రుకలు తడిసి అంటుకుంటాయి. పశువు మేత మానేస్తుంది, మంద నుంచి విడిగా నీడలో నిలబడుతుంది, పుండు వైపు తల తిప్పి నాకుతుంది, తోకతో కొట్టుకుంటుంది. పైకి పుండు కనబడకపోయినా ఈ తీరు కనబడితే ఒళ్ళంతా తడిమి చూడండి. కొమ్ము మొదలు, చెవి లోపల, తోక కింద, గిట్టల సందు, పొదుగు వెనక మరిచిపోవద్దు.

పట్టించుకోకపోతే దూడ వారం, రెండు వారాల్లోనే చచ్చిపోవచ్చు. పెద్ద పశువుకైనా విషం ఒంటికెక్కి ప్రాణం మీదికి వస్తుంది.

ఏ గాయాలకు ఎక్కువ పడుతుంది?

అన్నిటికన్నా ముందు అప్పుడే పుట్టిన దూడ బొడ్డు. తర్వాత ఈనిన ఆవు, గేదె మానం, ముఖ్యంగా మాయ పడక వాసన వస్తున్నప్పుడు. ఈ రెండిటినీ కాపాడుకున్న ఇల్లు సగం గండం దాటినట్టే. పుట్టిన గంటలోనే బొడ్డుకు టింక్చర్ అయోడిన్ పట్టించి, ఎండిపోయేదాకా రోజూ రెండు పూటలా రాయండి. ఖర్చు చాలా తక్కువ.

కాడి రాపిడికి మెడ మీద పడే పుండు, విరిగిన కొమ్ము, కొమ్ము కేన్సరు వచ్చిన ఎద్దు కొమ్ము మొదలు, కుక్క కాట్లు, ముళ్ళకంచె గీతలు, పిడుదులు కరిచిన చోట్లు, చెవి పోగు వేసిన రంధ్రం, ఇవన్నీ ఈగకు తలుపులే. గాలికుంటు వచ్చినప్పుడు గిట్టల సందు చీలి, అందులో పురుగు పడి, గిట్ట ఊడిపోయిన పశువులున్నాయి. గాలికుంటు టీకా వేయిస్తే ఆ పురుగు బెడద కూడా తప్పుతుంది. కోడెకు విత్తులు కొట్టించాలంటే కత్తితో కోయించకుండా బర్డిజో పట్టుకారుతో నొక్కించండి. రక్తం రాదు, పుండు ఉండదు, ఈగకు పని ఉండదు. కొయ్యక తప్పని పనులు, కొమ్ములు తీయడం వంటివి, వాన లేని చల్లటి నెలల్లో పెట్టుకోవడం మంచిది.

వానాకాలంలోనే ఎందుకు విజృంభిస్తుంది?

వెచ్చదనం, తేమ రెండూ కలిసొస్తాయి. మట్టి తడిగా ఉంటే గుల్ల ఎండిపోకుండా బతుకుతుంది. పశువుల చర్మం తడికి నాని పుండ్లూ ఎక్కువవుతాయి, దుక్కి పనుల్లో కాడి పుండ్లూ అప్పుడే. మే నెల పొడి ఎండ, డిసెంబరు చలి దీనికి గిట్టవు.

పురుగు కుళ్ళును తినేసి పుండు మాన్పుతుందంటారు. వదిలేస్తే మంచిదా?

వదిలెయ్యకండి. ఆ మాటలో కొంత నిజం ఉంది, అది వేరే ఈగ సంగతి. కొన్ని దేశాల్లో ఆసుపత్రులు లూసీలియా సెరికాటా అనే ఈగ పురుగులను ప్రయోగశాలలో సూక్ష్మజీవులు లేకుండా పెంచి, లెక్కపెట్టి, మనుషుల మొండి పుండ్ల మీద వేసి, రెండు మూడు రోజుల్లో తీసేస్తారు. ఆ పురుగు చచ్చిన కండనే తింటుంది. మన సాలలో ఎద్దు మెడ మీద ఉన్నది బతికున్న కండను తినేది. చూపుకు రెండూ తెల్ల పురుగులే, కంటితో తేడా పట్టడం చాలా కష్టం. అనుమానం ఉన్నప్పుడు పశువు పక్షాన నిలబడి తీసెయ్యడమే సరైన పని.

పురుగు కనబడింది. ఇంట్లో ఏం చెయ్యాలి?

ముందు పశువును గట్టిగా కట్టండి, ఇద్దరు మనుషులుండాలి. నొప్పితో ఎంత సాధువైన గేదె అయినా కాలు విసురుతుంది. చేతులకు గ్లవ్స్ లేకపోతే పాలిథిన్ సంచులు తొడుక్కోండి. పుండు చుట్టూ వెంట్రుకలు కత్తిరించండి.

మందుల షాపులో టర్పెంటైన్ నూనె దొరుకుతుంది. శుభ్రమైన దూదిని అందులో తడిపి, పుండు నోట్లో కూరి, పది పదిహేను నిమిషాలు ఉంచండి. గాలి అందక, ఘాటు తట్టుకోలేక పురుగులు పైకి వస్తాయి. అప్పుడు పట్టకారుతో ఒక్కొక్కటే లాగండి, తుంచకుండా లాగండి. లోపల తెగి చచ్చిన పురుగు కుళ్ళి కొత్త చీము పుట్టిస్తుంది. తొందరపడితే ఇక్కడే చెడుతుంది. పైనున్నవి వచ్చాక మళ్ళీ దూది పెట్టి, మళ్ళీ చూడండి. పుండులో కదలిక పూర్తిగా ఆగేదాకా ఈ పని సాగాలి. మొదటిరోజు గంట పట్టినా విసుక్కోకండి.

తర్వాత కాచి చల్లార్చిన ఉప్పునీళ్ళతోనో, లేత గులాబీ రంగు వచ్చేంత పల్చగా కలిపిన పొటాషియం పర్మాంగనేట్ నీళ్ళతోనో లోపలిదాకా కడగండి. తడి అద్ది పొవిడోన్ అయోడిన్ పట్టించండి. ఈగలను తోలే మందు, స్ప్రే గానీ పూత గానీ, పుండు చుట్టూ వెయ్యండి. వేప నూనె కూడా పుండు చుట్టూ చర్మానికి రాయవచ్చు. మర్నాడు మళ్ళీ విప్పి చూడండి.

టర్పెంటైన్ కన్ను దగ్గర, ముక్కులో, పొదుగు మీద, మానం లోపల వాడకూడదు. మండి పొరలు కాలిపోతాయి. ఆ చోట్ల పురుగు పడితే ఉప్పునీళ్ళతో కడిగి పశువైద్యుణ్ణి పిలవండి. బొడ్డు పుండు లోతుగా ఉన్నా అంతే, దాని వెనకే పొట్ట ఉంది.

సీతాఫలం ఆకు, కలరా ఉండలు, డీజిల్, పురుగుమందు... వీటిలో ఏవి పనిచేస్తాయి?

సీతాఫలం ఆకు నూరి కట్టడం మన తాతల నాటి వైద్యం. ఆ చెట్టులో, ముఖ్యంగా గింజల్లో, పురుగులను చంపే పదార్థాలున్నది నిజం. డాక్టరు అందని కొండ ఊళ్ళో, వేరే ఏదీ లేనప్పుడు, శుభ్రంగా కడిగిన ఆకు ముద్ద కట్టడాన్ని నేను తప్పుపట్టను. రెండు జాగ్రత్తలు: ఆకు కట్టి వదిలేయకుండా మర్నాడు విప్పి చచ్చినవాటిని ఏరాలి. గింజల పొడి మాత్రం కంటి దరిదాపులకు రానివ్వకూడదు, పశువుదైనా మనదైనా కన్ను దెబ్బతింటుంది.

కలరా ఉండల పొడి పురుగును చంపుతుంది, కానీ పచ్చి పుండులోంచి ఒంట్లోకీ దిగుతుంది. పాలిచ్చే పశువుకు, దూడకు వద్దు. డీజిల్, కిరసనాయిలు, చిక్కటి ఫినాయిల్ కండను కాల్చేస్తాయి. పురుగు చస్తుంది, పుండు రెట్టింపవుతుంది.

పంటకు కొట్టే మందు ఏ పరిస్థితిలోనూ వద్దు. పత్తికో వరికో తెచ్చిన మోనోక్రోటోఫాస్ వంటివి పుండులో పోస్తే రక్తంలో కలిసి, నోటివెంట చొంగ, వణుకు, ఊపిరాడకపోవడం మొదలై పశువు చచ్చిపోతుంది. పోసిన మనిషికీ ప్రమాదమే. పొరపాటున ఎవరైనా పోసి ఉంటే ఏ మందు పోశారో దాచకుండా డాక్టరుకు చెప్పండి, ఆ సీసా చూపించండి. దానికి విరుగుడు సూది ఉంది, సమయానికి పడితే బతుకుతుంది.

మంత్రం వేయిస్తే పురుగులు రాలిపోయాయి. మా కళ్ళతో చూశాం.

మీరు చూసింది అబద్ధం కాదు. పైన చెప్పిన లెక్క గుర్తుచేసుకోండి: ఐదు నుంచి ఏడు రోజులకు ముదిరిన పురుగు తనంతట తానే రాత్రిపూట రాలుతుంది. పురుగు మన కంటపడేసరికే రెండు మూడు రోజులై ఉంటుంది. మంత్రం వేయించిన రెండో రోజో మూడో రోజో పొద్దున్నే కింద పురుగులు కనబడటం అందుకే. మంత్రం వేసినా వెయ్యకపోయినా అవి రాలిపోయేవే. అవి రాలాయంటే కడుపు నిండా తిని, ఈగలు కావడానికి మట్టిలోకి పోతున్నాయి. ఊరి పెద్దాయన మీద గౌరవంతో మంత్రం వేయించుకుంటే వేయించుకోండి, అదే పూట పుండు కూడా కడగండి.

ఏరిన పురుగులను ఎక్కడ పారెయ్యాలి?

పెంటకుప్ప మీద కాదు, సాల పక్క మట్టిలో కాదు. ముదిరిన పురుగుకు ఇంక తిండి అక్కర్లేదు, మట్టి దొరికితే చాలు. మీరు విసిరేసిన గుప్పెడు పురుగులు రెండు వారాల్లో గుప్పెడు ఈగలై మీ గొడ్ల మీదికే వస్తాయి. మరిగే నీళ్ళున్న డబ్బాలో వెయ్యండి, లేదా కాల్చెయ్యండి. పుండున్న పశువును కట్టిన చోట కింద రాలినవి కూడా ఏరాలి. అందుకే అలాంటి పశువును నాలుగు రోజులు గచ్చు మీదో రాతి పలకల మీదో కట్టగలిగితే మేలు, పొద్దున్నే ఊడిస్తే అన్నీ దొరుకుతాయి. మందు తగిలిన పురుగులు కోళ్ళకు వెయ్యకండి.

ఐవర్‌మెక్టిన్ సూది వేయిస్తే ఇవన్నీ అక్కర్లేదా?

అక్కర్లేదనలేం. ఐవర్‌మెక్టిన్ చర్మం కింద వేసే సూది, ఒంటి బరువును బట్టి మోతాదు. లోపల మన చేతికందని చిన్న పురుగులను చంపుతుంది, కొద్దిరోజులు కొత్తవాటిని పెరగనివ్వదు. అయినా చచ్చిన పురుగును బయటికి లాగాలి, పుండు కడగాలి. ఒక సంగతి తప్పక అడగండి: మందు పాలలోకీ మాంసంలోకీ దిగుతుంది. పాలిచ్చే ఆవుకు, గేదెకు వేసేముందు డాక్టరుతో మాట్లాడి, ఎన్ని రోజులు పాలు వాడకూడదో తెలుసుకుని ఆ రోజులు నిజంగా పారబోయండి. కోతకు అమ్మే మేక, గొర్రెకూ ఈ గడువు ఉంటుంది.

గొర్రెలు మధ్యాహ్నం తలలన్నీ ఒకచోట పెట్టి నిలబడుతున్నాయి, తుమ్ముతున్నాయి, ముక్కు కారుతోంది. జలుబా?

జలుబు కావచ్చు. కానీ తలలు లోపలికి పెట్టి గుంపు కట్టడం, ముక్కు నేలకు రాయడం, ఉన్నట్టుండి కాలితో నేల తన్ని పరుగెత్తడం చూస్తే ముక్కు ఈగను అనుమానించాలి. దాని పేరు ఈస్ట్రస్ ఓవిస్. బూడిద రంగు, సన్నటి నూగు ఒళ్ళు, తేనెటీగంత ఉంటుంది. ఈ ఈగ కథ పుండు ఈగ కథకు పూర్తిగా వేరు, తెలుసుకోదగ్గది.

పెద్ద ఈగకు పనిచేసే నోరే లేదు, ఏమీ తినదు. పురుగుగా ఉన్నప్పుడు కూడబెట్టిన బలంతోనే కొద్ది వారాలు బతుకుతుంది. గుడ్లు కూడా పెట్టదు. గుడ్లు దాని కడుపులోనే పొదుగుతాయి. ఎండగా ఉన్న వేళ గొర్రె ముందు ఎగురుతూ, వాలకుండానే, ముక్కు రంధ్రాల మీదికి ఒక చుక్క ద్రవంతో పాటు పిల్ల పురుగులను చిమ్ముతుంది. ఒక ఈగ బతుకంతా కలిపి ఇలా కొన్ని వందల పిల్లలను చిమ్మగలదు. గొర్రెలు ముక్కు దాచుకునేది ఆ చుక్క నుంచే.

చిమ్మినప్పుడు మిల్లీమీటరు పొడవుండే ఆ పిల్ల ముక్కు లోపలి పొరల మీద పాకుతూ నుదుటి ఎముకల ఖాళీల్లోకి చేరుతుంది. పాకేటప్పుడు నోటి కొక్కేలు గీరి, పొర వాచి, చీమిడి చిక్కబడుతుంది. కొన్నిటికి రక్తం చార కూడా వస్తుంది. అనుకూలంగా ఉంటే నెల రోజుల్లో ముదురుతుంది, లేకపోతే నెలల తరబడి అలాగే ఆగి ఉంటుంది. ముదిరేసరికి రెండు నుంచి మూడు సెంటీమీటర్లు, వీపు మీద నల్లటి అడ్డ చారలు. గొర్రె తుమ్మినప్పుడు కిందపడి మట్టిలో గుల్లయి, కొన్ని వారాలకు ఈగవుతుంది. ఎండుగడ్డి మీద వేలి కణుపంత పురుగు కనబడి కాపరి కంగారుపడేది అప్పుడే.

ఈ పురుగుకు చచ్చే గొర్రెలు తక్కువ. అయితే మేత మీద ధ్యాస ఉండదు, బరువు పెరగవు, ఊపిరి బరువుగా తీస్తాయి, పిల్లలకు పాలు చాలవు. మందకు మంద చిక్కిపోతుంది, నష్టం కంటికి కనబడకుండా జరుగుతుంది. ఐవర్‌మెక్టిన్, క్లోసాంటెల్ రెండూ పనిచేస్తాయి. క్లోసాంటెల్ మోతాదు మించితే గొర్రెకు చూపు పోతుంది, కాబట్టి కంటి అంచనాతో పొయ్యకుండా తూకం వేసి పోయించండి. ముక్కు చుట్టూ వేప నూనె రాసే కాపరులున్నారు. అది కాసేపు ఈగను దూరం పెట్టవచ్చు, లోపల చేరినవాటిని ఏమీ చెయ్యదు. నడి మధ్యాహ్నం చెట్ల నీడకు తోలడం ఖర్చు లేని మంచి అలవాటు.

ఆ పురుగు మెదడులోకి పోతుందా? మా గొర్రె గుండ్రంగా తిరుగుతోంది.

మెదడు దాకా పోవడం చాలా అరుదు. గుండ్రంగా తిరగడం, తల ఒకవైపు వాల్చడం ఎక్కువగా మెదడులో నీటి తిత్తి పెరిగినప్పుడు కనబడుతుంది. అది కుక్క కడుపులో ఉండే బద్దె పురుగు వల్ల వస్తుంది, ఈగకు సంబంధం లేదు. చచ్చిన గొర్రె తల కుక్కలకు వెయ్యకపోవడం, కాపలా కుక్కలకు నట్టల మందు పొయ్యడం దానికి దారి.

కాపరి కంట్లో ఏదో కొట్టినట్టయింది, ఇసుక పడ్డట్టు మంట. ఈ ఈగేనా?

అవ్వచ్చు. ముక్కు ఈగ ఒక్కోసారి మనిషి కంట్లోనూ పిల్లలను చిమ్ముతుంది. మనిషి ఒంట్లో అవి ఎదగలేవు, మొదటి దశలోనే ఆగి చస్తాయి. కానీ కొక్కేలతో కంటి పొరను పట్టుకుని ఉంటాయి కనుక నులిమితే గాయమవుతుంది. నీళ్ళతో కడిగి, అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. పరికరంతో చూస్తూ తీసేస్తారు. "గొర్రెల్లో ఉంటాను" అని డాక్టరుకు చెప్పడం మరవద్దు.

ఆవు వీపు మీద గడ్డలున్నాయి. గడ్డలో పురుగు ఉండే జబ్బు ఉందట కదా?

ఉంది, హైపోడెర్మా అనే ఈగది. అది రాజస్థాన్, పంజాబ్ వంటి వాయవ్య భారతం పొడి ప్రాంతాల బెడద. మన వైపు ఒంటినిండా గట్టి గడ్డలు, జ్వరం కనబడితే ముందు అనుమానించాల్సింది లంపీ స్కిన్. మన దేశంలో ఆ జబ్బు మొదట బయటపడింది 2019లో ఒడిశాలోనే. అది వైరస్, గడ్డ పిండితే పురుగు రాదు, పిండకండి. కానీ ఎండిన గడ్డ ఊడిపోయాక గుంట పుండు మిగులుతుంది. పుండు ఈగ అక్కడ చేరుతుంది. లంపీ నుంచి కోలుకుంటున్న పశువు గుంటలన్నిటికీ మానేదాకా ఈగ మందు తప్పనిసరి.

మోపురం మీద నెలల తరబడి మానని పుండు, పురుగు మాత్రం కనబడదు.

అది వేరే జబ్బు. స్టెఫనోఫిలేరియా అనే కంటికి కనబడనంత సన్నని పురుగును ఈగలు మోసుకొచ్చి చర్మంలో పెడతాయి. మన తీర జిల్లాల్లోనూ ఒడిశాలోనూ ఉన్నదే. దాని మందులు వేరు, డాక్టరు చూడాలి.

గుర్రం పేడలో ఎర్రటి లావు పురుగులు?

గాస్టరోఫిలస్ ఈగవి. కాళ్ళ వెంట్రుకలకు పసుపు గుడ్లు అంటిస్తుంది, గుర్రం నాకితే లోపలికి పోయి కడుపు గోడకు నెలల పాటు వేలాడతాయి. కాళ్ళను గోరువెచ్చని నీళ్ళతో తుడిచి గుడ్లు గీకెయ్యండి.

పుండున్న పశువును సంతకు తోలవచ్చా?

వద్దు. ఒడిశా నుంచి ఇటూ, ఇటు నుంచి అటూ గొడ్లు సంతలకు నడిచో లారీల్లోనో రోజూ కదులుతుంటాయి. పుండులో పురుగున్న ఎద్దు దారిపొడుగునా, సంత మైదానంలోనూ, కొన్నవాళ్ళ సాలలోనూ ముదిరిన పురుగులను రాలుస్తూ పోతుంది. ఈగకు సరిహద్దు లేదు, గాలివాటున కిలోమీటర్ల కొద్దీ ఎగురుతుంది. మానాక అమ్మితే ధర కూడా దక్కుతుంది. కొనేవాళ్ళు కొమ్ము మొదలు, బొడ్డు, తోక కింద, గిట్టల సందు చూసి కొనండి. ఇంటికి తెచ్చాక వారం విడిగా కట్టండి.

కొన్ని దేశాల్లో ఈ ఈగనే లేకుండా చేశారట. మనకెందుకు కుదరదు?

అమెరికా ఖండాల్లో ఉన్నది మన ఈగకు వరసైన మరో జాతి, కోక్లియోమియా హోమినివొరాక్స్. దాని ఆడది సాధారణంగా బతుకులో ఒక్కసారే జతకడుతుందని గమనించిన ఎడ్వర్డ్ నిప్లింగ్, రేమండ్ బుష్‌లాండ్ అనే శాస్త్రవేత్తలు ఒక దారి కనిపెట్టారు. ఈగలను లక్షల్లో పెంచి, గుల్ల దశలో రేడియేషన్ తగిలిస్తే అవి బతుకుతాయి, గొడ్డుపోతాయి. అలాంటి మగ ఈగలను విమానాల నుంచి వదిలితే వాటితో జతకట్టిన ఆడదాని గుడ్లు పొదగవు. 1954లో క్యురసావ్ దీవిలో ఇది ఫలించింది. తర్వాత ఫ్లోరిడా, అమెరికా మొత్తం, మెక్సికో, చివరికి 2006 నాటికి పనామా దాకా ఈగను తోసేశారు. 1988లో అది లిబియాలో కనబడితే మెక్సికో నుంచి అలా గొడ్డుపోయిన ఈగలను తెచ్చి అక్కడా తుడిచిపెట్టారు. ఆ ఇద్దరికీ 1992లో ప్రపంచ ఆహార బహుమతి వచ్చింది.

ఆ గెలుపు కూడా కాపలా ఉన్నన్నాళ్ళే నిలిచింది. 2023 నుంచి ఈగ పనామా కట్టడి దాటి ఉత్తరానికి పాకి, 2024 నవంబరులో మెక్సికోలో మళ్ళీ దొరికింది. మన బెజియానా మీదా పపువా న్యూ గినీలో, మలేసియాలో ఈ పద్ధతి పరీక్షించారు. కానీ అది ఆఫ్రికా నుంచి ఆసియా చివరిదాకా వ్యాపించి ఉంది. ఒక దీవినో ఇరుకు భూభాగాన్నో కాపలా కాసినట్టు మన జిల్లాలను వేరుచేసి కాయలేం. కాబట్టి ఇక్కడ పోరాటం ఒక్కొక్క పుండు దగ్గరే.

మనుషులకు పడుతుందా?

పడుతుంది. మంచాన పడ్డ ముసలివాళ్ళ పుండ్లకు, షుగరు ఉన్నవాళ్ళ కాలి పుండ్లకు, ముక్కు లోపల కుళ్ళు జబ్బున్నవాళ్ళకు. పశువుల సాల పక్కనే వాళ్ళ మంచం ఉంటే దోమతెర కట్టండి, పగలు కూడా. ముక్కులో, చెవిలో పురుగు పడితే ఇంట్లో ఏమీ పొయ్యకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

డాక్టరు కోసం ఎవరికి ఫోన్ చెయ్యాలి? ఏం చెప్పాలి?

రెండు రాష్ట్రాల్లోనూ సంచార పశువైద్య వాహనాలకు నంబరు 1962, ఫోనుకు డబ్బు పడదు. ఒడిశా వైపు దగ్గర్లోని పశువైద్యశాలకో, లైవ్‌స్టాక్ ఇన్‌స్పెక్టరు ఉండే కేంద్రానికో వెళ్ళవచ్చు. ఆంధ్రా వైపు రైతు సేవా కేంద్రంలో పశుసంవర్ధక సహాయకులను అడగవచ్చు. ఫోన్‌లో ఈ సంగతులు చెప్పండి: ఏ పశువు, చూలుతో ఉందా, పాలిస్తోందా, పుండు ఎక్కడ, ఎన్నాళ్ళ నుంచి, ఇప్పటిదాకా ఏమేం పోశారు. పురుగులు నాలుగైదు చిన్న సీసాలో వేసి ఉంచితే ఏ ఈగదో చూడటానికి పనికొస్తాయి. వాహనం వచ్చేలోగా పశువును నీడలో, దూడలకు దూరంగా కట్టి, పుండు మీద ఉప్పునీటిలో తడిపిన శుభ్రమైన గుడ్డ కప్పి ఉంచండి.